సముద్రం ఒడ్డున ఉప్పు అడిగిన మనిషి

"ఈ శ్రీకాకుళం జిల్లాలో నేరస్థుడనేవాడు సుఖంగా నిద్రపోయే రోజులు చెల్లిపోయాయి! ఎందుకంటే వాడి నీడ కన్నా ముందు నడిచేవాడొకడు పుట్టాడు. వాడి కన్ను గద్ద కన్ను. వాడి చెవి పాము చెవి. వాడి పేరు... హరిబాబు!"

ఆదివారం పొద్దున్నే అద్దం ముందు నిలబడి, గడ్డం నిండా సబ్బు నురగతో హరిబాబు ఈ ప్రకటన చేశాడు. వంటింట్లో గారెలు వేస్తున్న అతని భార్య దుర్గ మూకుడు మీంచి చూపు తిప్పకుండానే జవాబిచ్చింది.

"ఆ పుట్టినాయన్ని వేగిరం తానం సేసి రమ్మనండి. ఆటో వచ్చీసి వీధిలో నిలబడ్డాది."

"ఒసే దుర్గా, పాముకి చెవులుండవని నాకు తెలుసు. అయినా అన్నాను. ఎందుకో చెప్పు?"

"నాకు తెల్దండి."

"నువ్వు కనిపెడతావో లేదోనని."

హరిబాబుకి శ్రీకాకుళంలో జిరాక్సు షాపు ఉంది. ఊరందరి కాగితాలకీ నకళ్ళు తీసి తీసి, లోకంలో ఏది అసలో ఏది నకలో చిటికెలో పట్టేసే చూపు తనకు అబ్బిందని అతని నమ్మకం. దానికి తోడు నిరుడు ఫోనులోనే అపరాధ పరిశోధన కోర్సొకటి పూర్తి చేశాడు. వాళ్ళు పంపిన సర్టిఫికెట్‌ని లామినేషన్ చేసి షాపులో వెంకటేశ్వరస్వామి పటం పక్కన తగిలించాడు. స్వామికి వెలిగించిన అగరుబత్తిలో సగం పొగ దానిక్కూడా అందుతుంది. అందులో అతని పేరు 'హరిబాబ' అని పడింది, కొమ్ము ఎగిరిపోయింది. అదేమిటని ఎవరైనా అడిగితే, "డిటెక్టివన్నాక ఒక మారుపేరు ఉండాలి" అంటాడు.

ఇంతవరకూ అతను ఛేదించిన కేసుల్లో ముఖ్యమైనది ఎదురింటి కుక్కరు కేసు. ఆ కుక్కరు శనివారాలు మరీ ఎక్కువ కూతలు వేస్తోందని నిఘా పెట్టి, శనివారంపూట ఆ ఇంట్లో మాంసం ఉడుకుతోందని తేల్చి, ఆ రహస్యాన్ని ఆ ఇంటి మామ్మగారి చెవిలో వేశాడు. వండించుకుని తింటున్నది ఆవిడేనని తర్వాత తెలిసింది. అప్పట్నుంచీ ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు.

అదొక్కటే అయితే దుర్గ సర్దుకుపోయేది. ఆమె చెల్లెలు హేమకి నిరుడొక సంబంధం వచ్చింది. హేమ ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. పిల్లాడి వాళ్ళది నరసన్నపేట. ఇంకా చూపులైనా కాకముందే హరిబాబు నల్లకళ్ళజోడు పెట్టుకుని ఆ ఊరు వెళ్ళి, పిల్లాడి వీధి చివర టీకొట్టులో కూర్చుని, "ఈ కుర్రాడి మీద మొత్తం ఎన్ని కేసులున్నాయి?" అని అడిగొచ్చాడు. ఆ టీకొట్టు పిల్లాడి మేనమామది. సంబంధం మర్నాటికి చల్లారిపోయింది.

అందుకే ఈసారి హరిబాబుకి ఎవరూ ఏమీ చెప్పలేదు.

కొత్త సంబంధం ఒక పెద్దమ్మ తెచ్చింది. పిల్లాడి పేరు గోవింద్, బోటు ఇంజన్లు బాగుచేసే షెడ్డు నడుపుతాడు. తండ్రి గంగరాజుది చేపల వ్యాపారం. ఫొటోలు అటూ ఇటూ వెళ్ళాయి, అందరికీ నచ్చాయి. కాని గంగరాజు ఒక మాటన్నాడు. "ఇంటికి రాం. ఎక్కడైనా బయట, ఏదో అనుకోకుండా కలిసినట్టు కలుద్దాం." ఈ రోజుల్లో ఇదే ఫ్యాషను కాబోలనుకుంది దుర్గ. శ్రీకూర్మం దాటాక ఇసకలపేటలో కొత్తగా కట్టిన బీచ్ పార్కు ఉంది. ఆదివారం కుటుంబంతో కలిసి సరదాగా వెళ్తున్నట్టు వెళ్ళడం, అక్కడ వాళ్ళు కూడా అలాగే రావడం. మాటలు కలపడానికి ఒక సాకు కావాలి కదా. దాన్ని పెద్దమ్మే ఏర్పాటు చేసింది. పిల్లాడి తల్లి వచ్చి, "అమ్మా, కాస్త ఉప్పుందేటి?" అని అడుగుతుంది. వీళ్ళు ఇవ్వాలి. అక్కణ్ణుంచి మాట సాగుతుంది.

చాలా తెలివైన ఏర్పాటేనని అందరూ అనుకున్నారు. హరిబాబు ఆ గుంపులో ఉంటాడన్న సంగతి మాత్రం ఎవరూ సరిగ్గా తూకం వెయ్యలేదు.

* * *

పార్కు ద్వారం దగ్గర సిమెంటు డాల్ఫినొకటి నోరు తెరుచుకుని స్వాగతం చెబుతోంది. ఆ నోట్లో ఎవరో కొబ్బరిబొండం పెట్టేశారు. 'పచ్చికపై నడవరాదు' అని బోర్డుంది. బోర్డు ఉంది గాని పచ్చిక లేదు. మరుగుదొడ్ల మీద ప్రారంభోత్సవం చేసినవాళ్ళ పేర్లు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి, తలుపులకి అంతకన్నా పెద్ద తాళాలున్నాయి.

"తాళం వేసిన మరుగుదొడ్డి!" హరిబాబు ఆగిపోయాడు. "లోపల ఏం దాస్తున్నారు?"

"దాయడానికేటి బాబూ, నీల్లు రావు. అందుకేసినారు." అత్తగారు కూర్మమ్మ అతన్ని దాటుకుని ముందుకు నడిచింది. వయసులో ఎండుచేపల గంపలు మోసిన మెడ ఆవిడది. ఇప్పటికీ నెత్తి మీద ఇంత కేరేజీ పెట్టుకుని చెయ్యి వదిలేసి నడుస్తుంది.

సిమెంటు గొడుగుల్లో ఒకదాని కింద దుప్పటి పరిచారు. మాఘమాసపు ఎండ వెచ్చగా, హాయిగా ఉంది. పిల్లలు కెరటాల్లో కేకలు పెడుతున్నారు. ముంత మసాలావాడు ఉల్లిపాయలు తరుగుతూ తిరుగుతున్నాడు. హేమ కొత్త పసుపుపచ్చ చుడీదార్ వేసుకుంది. చూపంతా ఫోనులోనే ఉంది గాని ఫోను తలకిందులుగా ఉందని దుర్గ గమనించి మోచేత్తో పొడిచింది.

ఎదురు గొడుగు కిందికి ముగ్గురు వచ్చి కూర్చున్నారు. లావుపాటి పెద్దాయన, గళ్ళచీర పెద్దావిడ, నీలం చొక్కా కుర్రాడు. దుర్గ వాళ్ళని ఫొటోలతో పోల్చుకుంది. కూర్మమ్మ గబగబా కొంగు సర్దుకుంది.

హరిబాబు నల్లకళ్ళజోడు పెట్టుకుని కాసేపు వాళ్ళనే గమనించాడు.

"దుర్గా, తల తిప్పకుండా విను. ఎదురుగా ముగ్గురు. వచ్చి చాలాసేపైంది. సముద్రం వైపు ఒక్కసారీ చూళ్ళేదు."

"అయితే ఏటండి?"

"సముద్రానికొచ్చి సముద్రం చూడనివాడు దేనికొచ్చినట్టు? నీలంచొక్కా వాడు ఇప్పటికి మూడుసార్లు మనవైపు ఫోనెత్తాడు. మొహం మీద చెమట. గుండీలు మెడదాకా పెట్టాడు. బీచికి ఇస్త్రీచొక్కా వేసుకొచ్చేవాడు అమాయకుడు కాడు."

అతను చెప్పింది ప్రతి ఒక్కటీ నిజమే. దుర్గకి అందుకే భయం వేసింది. తొమ్మిదేళ్ళ కాపరంలో మొదటిసారి ఆయన సరైన మనుషుల్నే అనుమానిస్తున్నాడు.

ఇంతలో గళ్ళచీరావిడ లేచి వచ్చింది. పేరు అమ్మడు. దారంతా మనసులో వల్లించుకుంటూ వచ్చినట్టుంది, వస్తూనే అప్పజెప్పేసింది.

"అమ్మా-కాస్త-ఉప్పుందేటి?"

"అయ్యో, ఉన్నాదండి, కూకోండి" అని దుర్గ పొట్లం తీసేలోపు హరిబాబు చెయ్యి అడ్డం పెట్టాడు.

"దేనికి?"

అమ్మడుకి ఆ ప్రశ్న వస్తుందని ఎవరూ చెప్పలేదు. "ఉప్పు... ఉప్పుకే."

"ఏ వంటకంలోకి?"

ఆవిడ తిరిగి తమ గొడుగు వైపు చూసింది. అక్కడ పొయ్యీ లేదు, గిన్నే లేదు. ఒక మంచినీళ్ళ సీసా మాత్రం ఉంది. "నీల్లలోకి" అంది.

"నీళ్ళలోకి ఉప్పు! అదిగో, అంత సముద్రం ఉప్పునీళ్ళు పెట్టుకుని!" హరిబాబు చూపుడువేలు సముద్రం వైపు చాచాడు. "ఏ ఊరు మీది? ఎవరు పంపారు? ఉప్పు అంటే ఏమిటి?"

అమ్మడు పొట్లం లాక్కుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. హేమ మొహం చేతుల్లో దాచుకుంది.

"చూశావా దుర్గా, ఎలా పారిపోయిందో! ఉప్పు అనేది సంకేతపదం. నేను వెళ్ళి కూపీ లాగుతాను."

ఆపేలోపే అతను ముంత మసాలావాడి వెనక నక్కుతూ ఎదురు గొడుగు చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చాడు. వచ్చేసరికి మొహం కంది ఉంది. అంతటి ఆవేశంలో పుస్తకాల మాట జారిపోయి సొంత భాష బయటికొచ్చేసింది.

"ఓలమ్మో దుర్గా, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాయే! ఆ లావుపాటోడు ఫోన్లో ఏటంటన్నాడో తెల్సా? 'పెద్ద సందువలు ఐసులో పెట్టీండి. నేను గుంటని సూసే పన్లో ఉన్నాను. కుదిరితే ఈ మాఘంలోనే పట్టుకెళ్ళిపోదాం. ఆ పెద్దల్లుడొకడున్నాడు, ముందు ఆడి సంగతి సూడాల' అంటన్నాడు. గుంటంటే మన హేమ! పెద్దల్లుడంటే నేను! నా సంగతి సూస్తారట!"

 దుర్గ కంగారుగా, "సందువలంటే సేపలే కదండి. ఆయన సేపల యాపారం సేస్తాడు" అంది.

హరిబాబు కళ్ళజోడు దించాడు. "నీకెలా తెల్సు?"

"వాసన... గాలి ఇటే కదండి కొడతన్నాది."

"హుఁ. సామాన్యుడు సందువంటే చేప అనుకుంటాడు. అది వాళ్ళకీ తెలుసు. అందుకే సందువ అన్నారు." అతను మళ్ళీ గంభీరంగా మారిపోయాడు. "ఐసు అంటే జైలు. సందువలు అంటే పెద్ద పోలీసాఫీసర్లు. పెద్ద ఆఫీసర్లని జైల్లో పెట్టించేంత ముఠా ఇది, దుర్గా! పోలీసులకి చెబితే లాభం లేదు. నేనొక్కణ్ణే దిగాలి."

"ఎక్కడికి?"

"భూమిలోకి."

పథకం ఇది. ఎదురు గొడుగుకి దిగువన, సముద్రం చూడని ఆ ముగ్గురి వీపుల వెనక, నీటివైపు, పిల్లలు తవ్వి వదిలేసిన గొయ్యి ఒకటుంది. అందులో పడుకుని ఒళ్ళంతా ఇసక కప్పుకుంటే తల ఒక్కటే పైకి ఉంటుంది. దాని మీద తువ్వాలు. చూసేవాడికి ఎవరో తువ్వాలు ఆరేసుకున్నట్టు ఉంటుంది. ముఠా మాట్లాడుకునే ప్రతి ముక్కా చెవిలో పడుతుంది.

"పైపైన రెండు దోసిళ్ళు జల్లండి చాలు" అని తల్లీకూతుళ్ళకి ఆజ్ఞాపించాడు హరిబాబు గోతిలో దిగుతూ. "అవసరమైతే పులిలా లంఘించాలి."

దుర్గ తల్లి వైపు చూసింది. కూర్మమ్మ కూతురి వైపు చూసింది. ఒక్క మాట అనుకోకుండానే ఇద్దరికీ ఒకటే ఆలోచన వచ్చింది.

తువ్వాలు మొహం మీద పడగానే పని మొదలైంది. రెండు దోసిళ్ళు కాస్తా ఇరవై అయ్యాయి. ఇరవై చాలవని కూర్మమ్మ కేరేజీ గిన్నె ఖాళీ చేసి దాంతో ఎత్తిపోసింది. పక్కన ఆడుకుంటున్న పిల్లల బకెట్టు అడిగి పుచ్చుకుని దుర్గ నీళ్ళు పోసింది. కూర్మమ్మ దాని మీద నిలబడి, ఇంటి ముందు అరుగు అణిచినట్టు అటూ ఇటూ తొక్కి, అరచేత్తో నునుపు చేసింది.

"బరువుగా ఉన్నాదేటి?" తువ్వాలు కిందనుంచి వినిపించింది.

"తడి ఇసక కదండి. మాటాడకండి, ముఠా ఇనీసుద్ది" అంది దుర్గ.

పెళ్ళయ్యాక ఇప్పుడే, తన మొగుడు ఎక్కడున్నాడో, ఇంకో అరగంట పాటు ఎక్కడుంటాడో ఆమెకి ఖాయంగా తెలిసింది. ఆ నిశ్చింత ఎంత తియ్యగా ఉందో చెప్పలేం. చేతులు దులుపుకుని ఎదురు గొడుగు కిందికి వెళ్ళి, "అత్తయ్యా, తప్పుగా అనుకోకండి, రండి" అని అమ్మడు చెయ్యి పట్టుకుంది.

* * *

చూపులు మొదలయ్యాయి. మొదలయ్యాయన్న మాటే గాని సాగడం లేదు. గారెలు, కోడికూర అందరూ తిన్నారు. కూర్మమ్మ గంగరాజుని 'అన్నయ్యగారూ' అని పిలిచింది. ఇద్దరూ చేపల ధరల గురించి ఆప్యాయంగా మాట్లాడుకున్నారు. కాని గంగరాజు చూపు మాటిమాటికీ ఎవరినో వెతుకుతోంది.

"మీ పెద్దల్లుడు ఏడమ్మా?" అన్నాడు చివరికి.

"ఇక్కడే... పక్కన పడుకున్నారు" అంది దుర్గ. అది అబద్ధం కాదు.

పిల్లాడినీ పిల్లనీ ఉయ్యాలల వైపు నడిచి రమ్మన్నారు. ఇద్దరూ వెళ్ళారు. ఒక ఉయ్యాల దగ్గర నిలబడ్డారు. గోవింద్ ఉయ్యాల గొలుసు పట్టుకుని చూసి, "దీనికి గ్రీజు పెట్టాల" అన్నాడు. హేమ "ఊఁ" అంది. తర్వాత వచ్చేశారు.

హేమ అక్క పక్కన కూలబడి గుసగుసలాడింది. "అప్పా, మంచోడిలాగే ఉన్నాడు గాని, ఫొటోలో ఎలాగున్నాడో ఇక్కడా అలాగే ఉన్నాడే. కదల్డు, మాటాడ్డు. నాకేటీ తెలస్తలేదు. ఒద్దని సెప్పీ."

దుర్గ ప్రాణం ఉసూరుమంది. దీనికోసమా మొగుణ్ణి పాతిపెట్టింది!

సరిగ్గా అప్పుడే ఒడ్డు నుంచి కేక వినబడింది.

"ఓలమ్మో! తలకాయ! తలకాయ!"

జరిగింది ఇది. ఇసక వెచ్చదనం, కెరటాల జోల, ఉదయం తిన్న గారెలు, అన్నీ కలిసి హరిబాబు నిఘా వేస్తూ వేస్తూ నిద్రపోయాడు. గవ్వలు ఏరుకుంటున్న ఒకావిడ, దిక్కులేని తువ్వాలు పడుందని ఎత్తింది. కింద కళ్ళు మూసుకుని, నోరు తెరుచుకుని, ఒంటరిగా ఒక తల!

"శవం! శవం!" జనం మూగిపోయారు. "ఎవరో సంపీసి పాతీసినారు!" "పాపం, సిన్న వొయసే!" "మీసం సూడు, ఎక్కడో సూసినట్టుంది!" ఒకడు అప్పుడే వీడియో తీస్తున్నాడు.

శవం అన్న మాట హరిబాబు చెవిలో పడింది. జన్మంతా ఏ మాట కోసం కాచుకుని కూర్చున్నాడో ఆ మాట! టక్కున కళ్ళు తెరిచాడు.

"ఎవరూ కదలకండి! ఎవరూ దేన్నీ ముట్టుకోకండి! ఆధారాలు చెరిగిపోతాయి!"

తల ఆజ్ఞలు జారీ చేయడంతో జనం కకావికలై పరుగెత్తారు. ముంత మసాలావాడి బుట్ట బోర్లాపడింది. గవ్వలావిడ చెప్పులు వదిలేసి పోయింది.

"భయపడకండి! నేను డిటెక్టివ్ హరిబాబుని! శవం ఎక్కడ?"

దూరంగా కొబ్బరిచెట్టు చాటునుంచి ఒక ముసలాయన ధైర్యం చేసి చెప్పాడు. "నువ్వే, నాయినా."

హరిబాబు పులిలా లంఘించబోయాడు. కనుబొమలు మాత్రం లేచాయి. మళ్ళీ లంఘించాడు. ఈసారి చెవులు కదిలాయి.

"దుర్గా! కుట్ర! ఎవడో నన్ను కట్టీసినాడే! ఓలమ్మో, పీత! పీత నా సెవి కాడ..."

ఇంతలో కెరటం వచ్చింది. అంతవరకూ దూరంగా ఆడుకుంటున్న నీళ్ళు పోటు పెరిగి మీదికొస్తున్నాయని ఎవరూ చూసుకోలేదు. ఒక నాలుక గడ్డం తడిపి వెళ్ళింది. రెండోది ముక్కు మీంచి పోయింది. హరిబాబు మాట గుడగుడమని ఆగిపోయింది.

నవ్వు రావలసిన చోట దుర్గకి తను పోసిన బకెట్టు గుర్తొచ్చింది. తన చేత్తో, తనే, నీళ్ళు పోసి మరీ! "ఏమండీ!" అని ఆమె పరుగెత్తేసరికి, ఆమెని దాటుకుని నీలం చొక్కా ఒకటి దూసుకుపోయింది.

గోవింద్ వెళ్ళి కెరటానికి అడ్డంగా వీపు పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నీళ్ళు అతని వీపున కొట్టుకుని చీలిపోయాయి. "ఏవండీ, ఆ మూత!" అని అరిచాడు. హేమ కేరేజీ మూత అతనికి విసిరి, గిన్నె తను పట్టుకుని వచ్చి పక్కన కూలబడింది.

"సెయ్యి కాడ తవ్వండి ముందు. నేను మెడ పడతాను. పీకకండి, మెడ పట్టీసుద్ది" అన్నాడు గోవింద్.

"ఎడం సెయ్యా, కుడి సెయ్యా?"

"ఏది ముందు దొరికితే అదే! సార్, మీరు లోపల సేతులు ఊపకండి, ఇంకా దిగిపోతారు."

"నాకు... గుడ్... తెలుసు" అంది తల.

ఇద్దరూ కుక్కలు తవ్వినట్టు తవ్వారు. దుర్గ, కూర్మమ్మ, గంగరాజు వచ్చి చేతులు వేశారు. ఇస్త్రీచొక్కా బురదైపోయింది. కొత్త చుడీదార్ ఏ రంగో తెలియకుండా పోయింది. చివరికి గోవింద్ చంకల కింద చేతులేసి ఒక్క గుంజు గుంజితే, సీసాలోంచి బిరడా వచ్చినట్టు హరిబాబు ఊడి వచ్చి అతని మీద పడ్డాడు.

పడుతూనే చేతికందిన కాలరు పట్టుకున్నాడు.

"దొరికాడు! ముఠా నాయకుడు! చట్టం చేతులు..." దగ్గు వచ్చింది. "చట్టం చేతులు చాలా..."

"ముందు నోట్లో ఇసక ఊసీండి సార్" అన్నాడు గోవింద్, కాలరు విడిపించుకోకుండానే. "తర్వాత తిడుదురుగాని. నేనెక్కడికీ ఎల్లను."

హరిబాబు బుద్ధిగా ఊశాడు. గోవింద్ మంచినీళ్ళ సీసా అందించాడు. పుక్కిలించి మళ్ళీ కాలరు పట్టుకున్నాడు. విజిలు ఊదుకుంటూ వాచ్‌మన్ వచ్చాడు. పారిపోయిన జనం అంచెలంచెలుగా తిరిగొచ్చారు.

"వాచ్‌మన్! గేట్లు మూసెయ్యి! వీడు, ఆ లావుపాటాయన, ఉప్పావిడ, ముగ్గురూ ఒక ముఠా! మా మరదల్ని ఎత్తుకుపోవడానికి వచ్చారు! ఎవరూ తప్పించుకోలేరు!"

జనంలో గుసగుసలు లేచాయి. ఎవరో గంగరాజు భుజం మీద చెయ్యి వేశారు. వాచ్‌మన్ విజిలు మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. కూర్మమ్మకి కంగారు మించిపోయింది. గుండెలు బాదుకుంటూ మధ్యలోకి వచ్చి పడింది.

"ఓలమ్మో, ఒగ్గీండి బాబూ! మీకు కాబోయే తోడల్లుడండి ఆ బాబు!"

అనేశాక నోటి మీద చెయ్యి వేసుకుంది.

 హరిబాబు అత్తగారి వైపు చూశాడు. హేమ వైపు, ఆమె చేతిలో కేరేజీ గిన్నె వైపు చూశాడు. భార్య వైపు చూశాడు, ఆమె చటుక్కున సముద్రం వైపు తిరిగింది. ఇస్త్రీచొక్కా, మెడదాకా గుండీలు, ఉప్పు, మాఘమాసం... అన్నీ ఒకదాని వెనక ఒకటి అతని మొహంలోకి వచ్చి కూర్చోవడం దుర్గ ఓరకంట చూసింది. అతను నెమ్మదిగా కాలరు వదిలి, దాన్ని సవరించాడు. ఇసకోడుతున్న మీసం దువ్వుకున్నాడు.

"నాకు ముందే తెలుసు" అన్నాడు. "కుర్రాడి ధైర్యం పరీక్షించాను. నెగ్గాడు. కేసు ముగిసింది, అందరూ వెళ్ళొచ్చు."

ఎవరూ వెళ్ళలేదు. ఇంత సినిమా ఎవరొదులుకుంటారు!

గంగరాజు ముందుకొచ్చి, భుజాన ఉన్న తువ్వాలుతో హరిబాబు తల తుడవడం మొదలెట్టాడు. తుడుస్తూనే కూర్మమ్మతో అన్నాడు. "దాపరికం ఎందుకమ్మా, పిల్ల మాకు ఫొటోలోనే నచ్చీసింది. మేం సూడ్డానికొచ్చింది ఈ బాబుని. మీ ఈదిలో ఈయన పేరెత్తితే సాలు తలుపులేసుకుంటన్నారు. ఇంటికొస్తే ఏలిముద్రలు తీసీసుకుంటాడని సెప్పినారు. అందుకే బయట కలుద్దామన్నాను."

కూర్మమ్మ కొంగు నలుపుతూ అడిగింది. "మరి... సూసినారు కదా అన్నయ్యగారూ..."

"సూసినాం. నేను భయపడింది ఏటంటే, నిజింగా తెలివైనోడేమో అని. తెలివైనోడు ఇంటల్లుడైతే సుట్టాలకి నిద్రుండదు." గంగరాజు హరిబాబు తల వెనకభాగం కూడా శుభ్రంగా తుడిచాడు. "ఈ బాబుతో మనకే భయమూ లేదమ్మా."

చెవిలో ఇసక దిగిన హరిబాబు, "ఏటంటన్నారు?" అని భార్యని అడిగాడు.

"మీ తెలివి గురించే సెప్తన్నారండి" అంది దుర్గ.

హరిబాబు వినయంగా తల వంచాడు.

కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ దుర్గ చెల్లెల్ని అడిగింది. "ఏటే మరి, ఒద్దని సెప్పీనా?"

హేమ చుడీదార్ అంచు పిండుకుంటోంది. పెదవి కొరికి నవ్వు ఆపుకుంటోంది గాని ఆగడం లేదు. "బావ పీక పట్టుకుని తిడతంటే నీల్లిచ్చినాడు సూడు అప్పా. మనింటికి ఆపాటి ఓర్పున్నోడు ఇంకెక్కడ దొరుకుతాడు? ఊఁ అని సెప్పీ."

చెప్పడానికి ఎక్కువ దూరం వెళ్ళనక్కర్లేకపోయింది. అమ్మడు వాళ్ళ వెనకే నిలబడి అంతా వింటోంది. మురిసిపోతూ తన తలలోని కనకాంబరాల దండ తీసి, సగం తుంచి హేమ తడిజడలో తురిమింది. తర్వాత దుర్గని పక్కకి లాగి గొంతు తగ్గించింది. అవతల హరిబాబు వాచ్‌మన్‌కి, తనని తాను పాతిపెట్టించుకోవడంలోని మెలకువలు వివరిస్తున్నాడు. వాచ్‌మన్ ఊఁ కొడుతున్నాడు.

"ఒక్క మాట సెప్పమ్మా. ఈ బాబు పెళ్ళిపీటల మీద కూడా ఇలాగే సేసినాడేటి?"

"ఊరుకున్నారా అత్తయ్యా!" దుర్గ నిట్టూర్చింది. "పంతులుగారు మంత్రాలు గొణుగుతంటే, ఎవరికో రహస్యంగా కబురంపుతన్నాడని ఈయనకి అనుమానం. ప్రతి మంత్రం రెండేసిసార్లు, గట్టిగా, నిదానంగా సదివించినారు. తెల్లారిపోయింది."

అమ్మడు పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, దుర్గ బుగ్గ పుణికింది.

"అదా సంగతి! మంత్రాలు రెండేసిసార్లు పడ్డాయి కాబట్టే ముడి ఇంత గట్టిగా ఉన్నాది, తల్లీ!"